ఆకుపచ్చలోని రంగులను వేఱుచేసిన త్స్వెత్ పండితుడు

మనము ప్రతిదినము త్రాగు తేనీటియందును, భుజించు అన్నమునందును లాంథనము, సీరియము, ఇట్రియము మొదలగు లోహములు లేశమాత్రముగ నుండునని యెఱిగినవారు కొలదిమంది. వీనికి విరళమృత్తికలని పేరు. ఇవి మొత్తము 17. నేలలోనున్న దేదియు కొంచెమైనను వేళ్లవెంట మొక్కలోనికి ఎక్కక మానదు గనుక ఇవియు ఎక్కుచున్నవి. అయితే ఒక కిలోగ్రాము బియ్యములో ఒక మైక్రోగ్రామనగా నూఱుకోట్లలో ఒక పాలు మాత్రమే. అంత స్వల్పమైన దానిని పట్టుకొనుటకు నేటి ఆహారపరీక్షకులలో కొందఱు వరి ఊకను, చెఱకుపిప్పిని, నారింజతొక్కను, ప్రత్తిని సాధనములుగ వాడుచున్నారనిన వినువారికి వింతగ దోచును. మొక్కలోని నార తన్ను తాకిన పదార్థముల నన్నిటిని ఒకే విధముగ పట్టుకొనదు. ఒకదానిని గట్టిగను, మఱియొకదానిని వదులుగను పట్టుకొనును. ఈ చిన్న సంగతిని కనిపెట్టి, దానినుండి ఒక గొప్ప శాస్త్రపద్ధతిని నిర్మించిన మహనీయుడు మిఖాయిల్ సెమ్యోనోవిచ్ త్స్వెత్. ఈ సంవత్సరపు సంచికలో మేము ఆయన చరిత్రమును చెప్పబూనితిమి.

త్స్వెత్ 1872వ సంవత్సరము మే 14వ తేదీన ఇటలీదేశములోని ఆస్తి యను పట్టణమున జన్మించెను. తండ్రి రష్యా ప్రభుత్వోద్యోగి. తల్లి ఇటలీ సంతతి స్త్రీ. బిడ్డ పుట్టిన కొలదికాలమునకే తల్లి మరణించెను. తండ్రి ఉద్యోగధర్మమున స్వదేశమునకు పోవలసివచ్చుటచే పసిబిడ్డను స్విట్జర్లండులోని లొజాన్ నగరమున ఒక దాది వశము చేసెను. ఇటలీలో పుట్టి, స్విట్జర్లండులో పెరిగి, రష్యనుడని పేరుగొన్న యీ బాలునకు చిన్ననాటి భాష ఫ్రెంచి. రష్యాభాషలో త్స్వెత్ అనగా రంగు అని యర్థము. రంగులను వేఱుచేయుటయందే జీవితమును గడపిన వానికి ఇంటిపేరే యట్లు అమరుట చిత్రము.

లొజాన్‌లోను పిమ్మట జెనీవాలోను పాఠశాలలలో చదివి, 1891లో జెనీవా విశ్వవిద్యాలయమున చేరి, 1896లో వృక్షకణములను గూర్చిన పరిశోధనకు డాక్టరు పట్టమును పొందెను. అప్పటికి ఆయనకు 24 ఏండ్లు. జెనీవా సరస్సుతీరమున నుండిన ఎడల సుఖముగ జీవనము జరిగెడిదేమో. కాని తండ్రి రష్యాలో నుండెను. తానెన్నడును కాపురముండని ఆ దేశమును తన దేశముగ నెంచి త్స్వెత్ ఆ యేడే సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమునకు బయలుదేరెను.

అచ్చట ఆయనకు మొదటి దెబ్బ తగిలెను. విదేశపు పట్టములు రష్యాలో చెల్లవు. జెనీవాలో డాక్టరైనవాడు పీటర్స్‌బర్గ్‌లో ఉపాధ్యాయపదవికి తగిన చదువు లేనివాడయ్యెను. చేసిన పని ఎంతటిదో చూడక చేతనున్న కాగితముపై ముద్ర ఎచ్చటిదని చూచు అలవాటు ఆ దేశమున కొక్కదానికే చెందినది కాదు. త్స్వెత్ నిందింపక మరల మొదటినుండి ప్రారంభించెను. సైన్సు అకాడమీవారి ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసెను. లెస్‌గాఫ్ట్ అను విద్వాంసుడు నడపుచుండిన జీవశాస్త్రప్రయోగశాలలో చేరి, స్త్రీలకు వృక్షశాస్త్రమును బోధించెను. స్త్రీలకు ఉన్నతవిద్య సులభముగ దొరకని ఆ కాలమున ఆ తరగతులు గొప్ప ఉపకారమే. పత్రహరితమును గూర్చి మరల ఒక గ్రంథము వ్రాసి 1901లో కజాన్ విశ్వవిద్యాలయమున మాస్టరు పట్టమును సంపాదించెను. ఆ పట్టముతో ఆయనకు వార్సా విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రశాఖలో ఒక సహాయకుని యుద్యోగము లభించెను. పోలండుదేశపు రాజధానియగు వార్సా ఆ దినములలో రష్యాచక్రవర్తి పాలనలో నుండెను.

ఇక ఆయన కనిపెట్టిన విషయమునకు వత్తము. ఇది కొంచెము నిదానముగ చదువదగినది.

పచ్చని ఆకును నూరి సారాయములో నుంచిన ఎడల సారాయము పచ్చనగును. ఆకులోని రంగులన్నియు దిగివచ్చును. అదే ఆకును పెట్రోలియం ఈథర్ అను తేలిక ద్రవములో నుంచిన ఎడల కెరోటీన్ అను పసుపుపదార్థము మాత్రము సులువుగ దిగును గాని పచ్చరంగు దిగదు. అయితే సారాయమున దిగిన పచ్చరంగును ఎండించి, విడిగ పెట్రోలియం ఈథరులో వేసిన ఎడల అది చక్కగ కరగును! కరగగల వస్తువు ఆకులోనుండి ఎందుకు దిగిరాదు? ఈ ప్రశ్నను చాలమంది చూచియు దాటిపోయిరి. త్స్వెత్ దాటిపోలేదు. ఆ రంగు కరగకపోవుట లేదనియు, ఆకులోని కణజాలమే దానిని అంటిపెట్టుకొనియున్నదనియు ఆయన తలంచెను. ద్రవపు శక్తికిని నార పట్టునకును పెనుగులాట జరుగుచున్నది. సారాయము ఆ పట్టును విడిపింపగలదు, ఈథరు విడిపింపలేదు.

తలంచుట సులభము, నిరూపించుటయే కష్టము. ఆయన వడపోత కాగితమును తీసికొనెను. కాగితమనగా మొక్కల నారయే గదా. ఆకురంగుల ద్రావణములో ఆ కాగితమును తడిపి ఆరబెట్టెను. పిమ్మట దానిపై పెట్రోలియం ఈథరు పోయగా, ఆకువలెనే కాగితమును కెరోటీన్‌ను మాత్రము విడిచి పచ్చరంగును బిగబట్టెను. కొంచెము సారాయము చేర్చినంతనే పచ్చరంగు వదలివచ్చెను. ఈ ప్రయోగమునకు గొప్ప యంత్రమేదియు వలసినది కాదు. ఏ పాఠశాలలోనైనను చేయదగినంత సామాన్యమైనది. మాకు త్స్వెత్ చేసిన పనులన్నిటిలో ఇదియే మిక్కిలి ఇంపుగ దోచుచున్నది.

ఇట్లు ఒక వస్తువు మఱియొక వస్తువుయొక్క పైపొరకు అంటుకొనుటకు అధిశోషణమని పేరు. నీరు స్పంజిలోని కింకుట వంటిది కాదిది. కూజా వెలుపలి ముఖమున మంచు పట్టినట్లు ఉపరితలమున మాత్రము జరుగునది. బొగ్గునకు ఈ గుణము కలదని చాలకాలము క్రిందటనే తెలియును. అద్దుడు కాగితముపై రంగునీరు ప్రాకునపుడు వేర్వేఱు రంగులు వేర్వేఱు దూరములు పోవుటను ష్యోన్‌బైన్, గోపెల్స్‌రోడర్ అను స్విట్జర్లండు పండితులు త్స్వెత్‌నకు ముందే చూచియుండిరి. కావున ఆయన ఏమియు లేనిచోట నుండి దీనిని సృష్టించెనని చెప్పుట సత్యము కాదు. ఆయన గొప్పతన మింకొకచో నున్నది.

ఒక సన్నని గాజుగొట్టములో తెల్లని సుద్దపొడిని గట్టిగ దట్టించెను. దాని పైభాగమున ఆకురంగుల ద్రావణమును కొంచెము పోసి, తర్వాత శుద్ధమైన ద్రవమును పైనుండి మెల్లమెల్లగ పోయుచుండెను. అంతవఱకు ఒకే పచ్చదనముగ కనుపడినది కన్నులయెదుట పట్టీలు పట్టీలుగ విడిపోయెను. పసుపైన కెరోటీన్ ఎచ్చటను నిలువక ముందుగ క్రిందికి జారెను. దాని వెనుక పసుపుపట్టీలు కొన్ని, వాని పైని నీలముకలిసిన పచ్చ, దానికి పైని పసుపుకలిసిన పచ్చ నిలిచెను. సంతలో బజారు వెంట నడచు జనమును చూడుడు. ప్రతి అంగడియొద్దను ఆగువాడు వెనుకబడును. కొన్ని యంగళ్లయొద్ద మాత్రము ఆగువాడు నడుమ నుండును. దేనియొద్దను ఆగనివాడు ముందుగ బజారు దాటును. బయలుదేరునపుడు గుంపు ఒకటే, చివరకు చేరునపుడు ఎవరికి వారే. సుద్దరేణువు లన్నియు అంగళ్లు, రంగులు జనము. ఒక్కసారి అంటుకొనుట కాదు, వేలకొలది పర్యాయములు అంటుకొనుట, విడుచుట జరిగినప్పుడు స్వల్పమైన భేదము కూడ గొప్ప దూరముగ పరిణమించును. ఈ క్రమమును పద్ధతిగ సమకూర్చుటయే త్స్వెత్ యొక్క ఘనకార్యము.

సుద్ద యొక్కటే యని ఆయన తృప్తిపడలేదు. నూఱింటికి పైగా పొడులను వరుసగ పరీక్షించెను. వానిలో తనకు నచ్చినవి మూడని చెప్పెను: సుద్ద, ఇనులిన్, చక్కెర. ఇనులిన్ కొన్ని మొక్కల దుంపలలోనుండి తీయబడు పిండి; చక్కెర సంగతి చెప్పనక్కఱలేదు. మూడింటిలో రెండు మొక్కలనుండి వచ్చినవే. పత్రహరితమంత సుకుమారమైన పదార్థమును పాడుచేయని మెత్తని గుణము వీనికి కలదని ఆయన యుద్దేశము.

1903వ సంవత్సరము మార్చి 21వ తేదీన వార్సా ప్రకృతిశాస్త్రజ్ఞుల సంఘములో ఆయన ఈ విషయమును మొదట ఉపన్యసించెను. 1906లో జర్మను వృక్షశాస్త్రసంఘమువారి పత్రికలో రెండు వ్యాసములు ప్రకటించి, ఈ పద్ధతికి క్రొమటోగ్రఫీ, అనగా రంగుల వ్రాత, యని నామకరణము చేసెను. రంగులేని పదార్థములను సైతము ఇట్లే వేఱుచేయవచ్చునని అప్పుడే వ్రాసెను. మఱుసటి యేడు బెర్లినునకు పోయి, రంగుపట్టీలు కనుపడు గొట్టములను ఆ సంఘమువారి యెదుట నుంచి చూపెను. ఆ యేడే హెలెనా అను విదుషిని వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు.

ఇంత స్పష్టముగ చూపిన దానిని లోకము స్వీకరింపలేదు. పత్రహరితము రెండు విధములని త్స్వెత్ చెప్పగా ఆనాటి రసాయనజ్ఞులు ఒప్పలేదు. క్రకోవ్ నగరమున మార్ఖ్‌లెవ్‌స్కీ యను ప్రొఫెసరు కటువుగ ఎదిరించెను. వృక్షశాస్త్రజ్ఞుడు రసాయనశాస్త్రములో తలదూర్చుట వారికి సరిపడలేదు. పిడికెడు పదార్థమును స్ఫటికములుగ చేసి చూపినగాని నమ్మని కాలమది. గాజుగొట్టములో వ్రేలి వెడల్పు పట్టీని చూపి ఇదియే శుద్ధపదార్థమనినచో నవ్వుదురు. జర్మనీలో రసాయనజ్ఞులలో మేటియగు విల్‌ష్టెట్టర్ పండితుడు తన ప్రయోగశాలలో ఈ పద్ధతిని పరీక్షింపజేసెను గాని, తగని పొడిని వాడుటచే పత్రహరితము చెడిపోయెను. పద్ధతియే చెఱుపు చేయునదని ఆయన యభిప్రాయపడెను. ఏ పొడి వాడవలెనో త్స్వెత్ స్పష్టముగ వ్రాసియే యుండెను. వంట చేయువాడు చెప్పిన పాళ్లు విడిచి వండి వంటకమును నిందించినట్లున్నది. అయినను విల్‌ష్టెట్టర్‌ను మేము తక్కువ చేయము. తన సొంత మార్గమున ఏండ్ల తరబడి శ్రమించి పత్రహరితము రెండు విధములేయని ఆయనయు కనుగొనెను. ఆ పరిశోధనకు 1915లో నోబెల్ బహుమాన మాయనకు లభించెను. ఈ విషయమున త్స్వెత్ చెప్పినది సత్యమని లోకమునకు తెలిసెను. కాని పద్ధతి మాత్రము మూలబడెను.

త్స్వెత్ 1910లో మొక్కలయందును జంతువులయందును గల రంగులను గూర్చి తన పరిశోధనలన్నియు కూర్చి రష్యాభాషలో పెద్ద గ్రంథము ప్రకటించెను. దానికి వార్సాలో డాక్టరు పట్టము, సైన్సు అకాడమీవారి బహుమానము వచ్చెను. కాని రష్యాభాష తెలిసిన రసాయనజ్ఞులు ఐరోపాలో ఎందఱు? పుస్తకము అరలలో నిలిచెను. ఉద్యోగమందును ఆయనకు కుదురు లేదు. విశ్వవిద్యాలయమునుండి పశువైద్యకళాశాలకు, అచ్చటనుండి యంత్రకళాశాలకు మారి బోధించుచు, మిగిలిన వేళలలో పరిశోధించుచు గడపెను.

1914లో మహాసంగ్రామము ప్రారంభమాయెను. మఱుసటి యేడు జర్మను సైన్యములు వార్సాను సమీపింపగా కళాశాల యావత్తు మొదట మాస్కోకును, పిమ్మట నీజ్నీ నోవ్‌గొరోద్‌కును తరలిపోయెను. త్స్వెత్ తన ప్రయోగశాలను, పుస్తకములను, చేతివ్రాతలను విడిచి ఇల్లువెడలెను. ఆరోగ్యము క్షీణించెను, గుండెజబ్బు పట్టుకొనెను. 1917లో యూర్యెవ్ నగరపు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యపదవియు, అచ్చటి వృక్షోద్యానపు అధికారమును లభించెను. ఇప్పు డీ నగరమునకు తార్తు అని పేరు. జీవితమందు మొదటిసారిగ తగిన పదవి దొరకిన దనుకొనునంతలో 1918లో జర్మను సైన్యము ఆ నగరమును కూడ ఆక్రమించెను. మరల మూటగట్టుకొని విశ్వవిద్యాలయముతోపాటు దక్షిణమున నున్న వొరోనెజ్‌నకు చేరెను. దేశమున విప్లవము, అంతర్యుద్ధము, కఱవు. 1919 జూన్ 26వ తేదీన 47వ యేట త్స్వెత్ వొరోనెజ్‌లో దేహము చాలించెను. మూడేండ్లకు హెలెనా కూడ గతించెను.

ఆయన మరణమునకు ముందటి యేడు, హాలెండులోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయాచార్యు డొకడు రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమునకు త్స్వెత్ పేరు సూచించియుండెను. అది ఫలింపలేదు. వొరోనెజ్‌లో నేడు ఒక మఠపు ఆవరణమున ఆయనకు స్మారకశిల కలదు.

భూమిలో పడిన గింజ చాలకాలము కనుపడక యుండుట కలదు. త్స్వెత్ పద్ధతిని ఆయన జీవించియుండగనే నమ్మి వాడిన కొలదిమందిలో అమెరికాలోని మిసూరి రాష్ట్రమున పామర్ అను యువకు డొకడు. ఆయన గోవుపాలలోని పసుపురంగు ఎచ్చటిదో తెలిసికొనుటకు సుద్దగొట్టములను వాడి, అది గోవు మేసిన పచ్చగడ్డిలోని కెరోటీన్ అని 1914లో చూపెను. ఆవునెయ్యి పచ్చగను గేదెనెయ్యి తెల్లగను ఎందు కుండునని పిల్లలడుగుట మేము వినియున్నాము. గేదె తాను తినిన కెరోటీన్‌ను ఏ విటమినుగ మార్చుకొనును గనుక దాని పాలలో పసుపు మిగులదు. ఈ ఏ విటమిను లోపించినప్పుడే పిల్లలకు రేచీకటి పట్టును. ఆకుకూరలలో పసుపు దాగియున్నదని చూపిన విద్య, పిల్లల కన్నులకు ఆకుకూరలు ఏల మంచివో చెప్పిన విద్య ఒక్కటే.

విల్‌ష్టెట్టర్ పండితుని యొద్ద త్స్వెత్ గ్రంథమునకు జర్మనుభాషలో చేతివ్రాత అనువాద మొకటి యుండెను. తాను నమ్మని పద్ధతిని గూర్చిన ఆ ప్రతిని ఆయన పారవేయలేదు. శిష్యుడైన కూన్‌కు ఇచ్చెను. 1931లో హైడెల్‌బర్గ్ నగరమున కూన్‌తో కలిసి పనిచేయుచుండిన లెడరర్ దానిని చదివి, త్స్వెత్ చెప్పినది చెప్పినట్లు చేసెను. కోడిగ్రుడ్డు పచ్చసొనలోని రంగులు విడివడెను. క్యారటులోని కెరోటీన్ ఒకటి కాదు, రెండని తేలెను. అటుపిమ్మట ఐరోపాయందలి ప్రయోగశాలలన్నియు ఈ మార్గమున నడచినవి. 1937లో కారర్, 1938లో కూన్, 1952లో మార్టిన్, సింజ్ అనువారు నోబెల్ బహుమానము పొందిన పరిశోధనలకు త్స్వెత్ గొట్టమే మూలము. మార్టిన్ మొదలగువారు 1944లో కాగితముపైననే మాంసకృత్తుల భాగములను వేఱుచేసిరి. త్స్వెత్ మొదట చేతబట్టిన వడపోత కాగితమే మరల వచ్చినది.

ఇప్పుడు మేము ఆరంభమున చెప్పిన విరళమృత్తికలకు వత్తము. ఈ లోహములు ఒక తల్లి బిడ్డలవలె ఒకదానినొకటి పోలియుండును. వానిని విడదీయుటకు పూర్వము ద్రావణమును స్ఫటికములుగ మార్చి, మరల కరగించి, మరల స్ఫటికములు చేయుచుండిరి. అమెరికాలో ఛార్లెస్ జేమ్స్ అను ఆచార్యుడు 1911లో థులియమును శుద్ధముగ పొందుటకు సుమారు 15,000 పర్యాయము లట్లు చేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అణుశక్తి పరిశోధనలో అమెరికావారు గొట్టములలో కృత్రిమమైన జిగురుగింజలను నింపి త్స్వెత్ రీతినే ఈ లోహములను జార్చిరి. దినముల పనిగ అవి వేఱుపడెను. ఆ మార్గముననే 1945లో అంతవఱకు ఎవ్వరికిని చిక్కని ప్రొమీథియము చిక్కినది. అయోవా రాష్ట్రమున స్పెడింగ్ ఆచార్యుడు ఈ పద్ధతిని పెద్దయెత్తున నడపెను.

ఈ లోహములకును మనదేశమునకును సంబంధము కలదు. 1909లో షాంబర్గ్ అను జర్మను రసాయనజ్ఞుడు తిరువాన్కూరునుండి దిగుమతియైన కొబ్బరిపీచునకు అంటుకొనియుండిన ఇసుకలో మోనజైట్ అను ఖనిజమును కనుగొనెను. విరళమృత్తికలకు అది గని. కొబ్బరిపీచు ఇసుకను పట్టుకొనుట అధిశోషణము కాదు, ఉత్త చిక్కుకొనుటయే; అయినను ఇక్కడ కూడ మొక్కనారయే లోహముల జాడ తెలిపినది. మన భీమునిపట్టణపు తీరమందలి ఇసుకలోను మోనజైట్ కలదు. 1950లో భారతప్రభుత్వమువారు ఈ ఖనిజములకొఱకు ప్రత్యేకముగ ఒక సంస్థను స్థాపించిరి.

ఇక ఆహారపరీక్ష. తేయాకునో బియ్యమునో నత్రికామ్లములో మరిగించి కరగింతురు. అందులో సున్నపులోహము, పొటాసియము మొదలగునవి కుప్పలుగ నుండును. విరళమృత్తికలు వాని నడుమ కనుపడవు. ఆమ్లపు పులుపును తగినంత తగ్గించి, ఆ నీటిని ఊక గాని తొక్కపొడి గాని దట్టించిన చిన్నగొట్టముగుండ జార్చుదురు. మొక్కపదార్థములలో ముఖ్యముగ తొక్కలలోనుండు పెక్టిన్‌నందు ఆమ్లగుణము గల కొనలు కలవు; అవి ఋణవిద్యుత్తు గలవి. విరళమృత్తికల రేణువులు మూడేసి ధనవిద్యుత్తులు గలవి. పొటాసియమునకు ఒకటియే, సున్నపులోహమునకు రెండు. మూడు చేతులవాడు ఒంటిచేతివానికంటె గట్టిగ పట్టుకొనును గదా. ఇతరములు జారిపోగా విరళమృత్తికలు ఊకకు అంటుకొని నిలుచును. తర్వాత కొంచెము గాఢమైన ఆమ్లము పోసిన అవి వదలివచ్చును. 100 మిల్లీలీటర్ల నీటిలోనిది 2 మిల్లీలీటర్లలోనికి చేర్చిన ఎడల 50 రెట్లు చిక్కనగును. అప్పుడు పరమాణువులను బరువునుబట్టి లెక్కించు యంత్రము వానిని చూడగలదు. పెట్రోలియం ఈథరు కాగితమునుండి విడిపింపలేనిదానిని సారాయము విడిపించినట్లే, నీరు విడిపింపలేనిదానిని ఆమ్లము విడిపించుచున్నది.

ఇంత శ్రమ యేల అని కొందఱు అడుగవచ్చును. చీనాదేశమున పంటలకు ఈ లోహముల లవణములను ఎరువుగ వాడుట కలదు. అందుచేత ఆ ప్రభుత్వమువారు తేయాకులో కిలోగ్రామునకు 2 మిల్లీగ్రాములకు మించరాదని నియమము పెట్టి, 2017లో ఆ నియమమును తొలగించిరి. లేశమాత్రముగ నున్నప్పుడు హాని లేదని చెప్పుటకైనను, హెచ్చినప్పుడు హెచ్చెనని చెప్పుటకైనను మొదట కొలువవలెను. కొలువక భయపడుటయు, కొలువక ధైర్యము చెప్పుటయు రెండును కూడనివి.

ఈ పనిలో పరీక్షకులు మఱవకూడని దొకటి కలదు. ఊకయు నారింజతొక్కయు తామును నేలనుండి పుట్టినవే గనుక వానిలో ముందుగనే విరళమృత్తికలు కొంచెముండును. కావున గొట్టములో నింపకముందు ఊకను ఆమ్లముతో పలుమాఱులు కడుగుదురు. అంతటితో నమ్మక, ఆహారమేమియు చేర్చని ఉత్త ఆమ్లజలమును మొదట ఆ గొట్టముగుండ జార్చి, యంత్రమున నుంచి, అందు వచ్చిన అంకెను వ్రాసికొని, తేయాకు లెక్కలోనుండి దానిని తీసివేయుదురు.